పెడల్ వణికితే కాలు తీయకండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. కొత్తగా కొన్న కారులో ఏబీఎస్ ఉంది, అంటే గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా (లాక్ అవకుండా) చూసే ఏర్పాటు. వానకు తడిసిన రోడ్డు మీద ముందు బండి ఉన్నట్టుండి ఆగితే గట్టిగా బ్రేక్ తొక్కారు. పెడల్ కాలి కింద టకటకా కొట్టుకుంది, కింది నుంచి గరగరమని చప్పుడు వచ్చింది. ఏదో విరిగిందనుకుని కాలు తీసేసి మళ్లీ తొక్కారు. వెంట్రుకవాసిలో తప్పింది. ఇప్పుడు మీ సందేహాలు: బ్రేకుల్లో లోపం ఉందా, మెకానిక్‌కు చూపించాలా? పాత కారులో నేర్చుకున్నట్టు బ్రేకును కొట్టికొట్టి వదలాలా? ఏబీఎస్ ఉంటే బండి తొందరగా ఆగాలి కదా, మరి ఎందుకు ఆగలేదు? ఇంట్లో ఉన్న, ఏబీఎస్ లేని పాత బండి సంగతేమిటి?

ముందు టెన్షన్ తీసేస్తాను. మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే బ్రేకులు సరిగ్గానే పని చేశాయి. ఆ వణుకు, ఆ చప్పుడు ఏబీఎస్ రంగంలోకి దిగిందనడానికి గుర్తులు. కొన్ని కార్లలో అది సన్నగా తెలుస్తుంది, కొన్నిట్లో మాత్రం ఎవరో కింది నుంచి పెడల్‌ను సుత్తితో కొడుతున్నట్టే ఉంటుంది. డ్రైవింగ్ నేర్పేటప్పుడు నేను ఎప్పుడూ చూసేదే ఇది: మొదటిసారి ఆ వణుకు తగలగానే ఎక్కువ మంది మీలాగే కాలు వదిలేస్తారు. వాళ్లను తప్పుపట్టలేం. స్టీరింగ్ పట్టిన మొదటి రోజు నుంచి అందరూ చెప్పేది "మెల్లగా తొక్కు, కుదుపు లేకుండా ఆపు" అనే. ఏళ్ల తరబడి పెడల్‌ను సగం దాకా కూడా తొక్కని కాలు, ప్రాణం మీదికి వచ్చిన ఆ ఒక్క క్షణంలో ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తొక్కి, పైగా వణికినా వదలకుండా ఉండాలంటే ఎక్కడి నుంచి వస్తుంది?

కానీ కాలు తీయడం వల్ల జరిగే నష్టం తెలుసుకోవాలి. గంటకు 50 కి.మీ. వేగంలో బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది. కాలు తీసి మళ్లీ తొక్కడానికి అర సెకను పట్టిందనుకున్నా 7 మీటర్లు బ్రేకు లేకుండానే గడిచిపోయాయి. ఒక కారు పొడవు కన్నా అది ఎక్కువే.

ఏబీఎస్ విషయంలో చాలామంది ఒకచోట పొరపడతారు. అది బ్రేకుకు అదనంగా బలం ఇస్తుందని అనుకుంటారు. ఇవ్వదు. బలం మీ కాలే ఇవ్వాలి. మీరు ఎంత గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే బాధ్యత మాత్రం అది తీసుకుంటుంది. అంటే ఇన్నాళ్లూ డ్రైవరు రెండు పనులు చేయాల్సి వచ్చేది: గట్టిగా తొక్కాలి, అదే సమయంలో లాక్ అవకుండా కాలిని అదుపులో పెట్టుకోవాలి. అందులో కష్టమైన రెండో పనిని యంత్రానికి అప్పగించారు. మొదటిది ఇంకా మీదే. కాలు అరకొరగా తొక్కితే ఏబీఎస్‌కు చేయడానికి పనే ఉండదు.

లోపల ఏం జరుగుతుందో కొంచెం చెప్పాలి, అప్పుడు వణుకంటే భయం పోతుంది. బ్రేక్ వేసినప్పుడు చక్రం, బండి పోతున్న వేగం కన్నా కాస్త నెమ్మదిగా తిరుగుతుంది. ఆ తేడా సుమారు 10 నుంచి 20 శాతం మధ్య ఉన్నప్పుడు గట్టి రోడ్డు మీద టైరుకు పట్టు అన్నిటికన్నా ఎక్కువ. అది దాటి చక్రం పూర్తిగా ఆగిపోయి బండి మాత్రం ముందుకు జారుతుంటే పట్టు తగ్గుతుంది, తడి రోడ్డు మీద మరీ తగ్గుతుంది. ఏబీఎస్ ఉన్న కారులో చక్రాల దగ్గర వేగాన్ని కొలిచే సెన్సర్లు ఉంటాయి. ఏదైనా చక్రం ఉన్నట్టుండి తిరగడం మానేయబోతోందని కంప్యూటరు పసిగట్టగానే, ఆ చక్రానికి వెళ్లే బ్రేక్ ఆయిల్ ఒత్తిడిని వాల్వులతో తగ్గిస్తుంది. చక్రం మళ్లీ తిరగగానే ఒత్తిడి పెంచుతుంది. ఈ తతంగం సెకనుకు పదిసార్లు, అంతకన్నా ఎక్కువ కూడా జరుగుతుంది. ఆ ఆయిలు ముందుకూ వెనక్కూ తన్నడమే మీ కాలికి తగిలిన వణుకు. గరగరమన్న చప్పుడు ఆ వాల్వులదీ, ఆయిల్‌ను వెనక్కి తోసే చిన్న పంపుదీ.

ఈ ఆలోచన కార్ల వాళ్లది కూడా కాదు. తడి రన్‌వే మీద దిగే విమానాల చక్రాలు బిగుసుకుని టైర్లు పాడవుతుంటే 1950ల్లో డన్‌లప్ కంపెనీ మ్యాక్సరెట్ అనే యాంత్రిక పరికరం తెచ్చింది. దాన్నే 1966లో జెన్సన్ ఎఫ్‌ఎఫ్ అనే కారులో పెట్టారు. ఇప్పుడు మనం వాడే తరహా ఎలక్ట్రానిక్ ఏబీఎస్ మాత్రం 1978లో బాష్ కంపెనీ తయారు చేయగా మెర్సిడెస్ బెంజ్ ఎస్ క్లాస్‌లో వచ్చింది.

ఏబీఎస్ పని చేసే ఈ తీరులోనే మీ రెండో సందేహానికి జవాబు కూడా ఉంది. కొట్టికొట్టి వదలడం, అంటే పంపింగ్, లాక్ అయిన చక్రాన్ని విడిపించడానికి మనిషి కనిపెట్టిన ఉపాయం. మనిషి కాలు సెకనుకు రెండు మూడు సార్లు మించి ఆ పని చేయలేదు. అది కూడా అన్ని చక్రాలకూ కలిపే. నున్నటి రాయి మీద ఉన్న ఎడమ చక్రానికి ఒక ఒత్తిడి, పొడి తారు మీద ఉన్న కుడి చక్రానికి మరో ఒత్తిడి ఇవ్వడం ఎంత నిపుణుడి కాలికైనా అసాధ్యం. ఏబీఎస్ ఉన్న కారులో మీరు పంపింగ్ చేస్తే, వదిలిన ప్రతిసారీ బ్రేకు పోతుంది, ఏబీఎస్ లెక్కలు మళ్లీ మొదటికి వస్తాయి. కాబట్టి ఈ కారులో పంపింగ్ పూర్తిగా మర్చిపోండి. ఒకసారి తొక్కితే బండి ఆగేదాకా తొక్కే ఉంచాలి.

మరి తొందరగా ఎందుకు ఆగలేదు? ఏబీఎస్ ప్రధానంగా ఇచ్చేది స్టీరింగ్. ఆగే దూరం తగ్గడం కొసరు. తడి తారు రోడ్డు మీద, చక్రాలు లాక్ అయిన బండి కన్నా ఏబీఎస్ బండి సాధారణంగా తక్కువ దూరంలో ఆగుతుంది. పొడి రోడ్డు మీద తేడా కొద్దిగానే ఉంటుంది. వదులు కంకర మీద, మెత్తటి ఇసుక మీద, కొత్తగా పడ్డ మంచులో అయితే ఏబీఎస్ బండికి ఎక్కువ దూరమే పట్టవచ్చు. కారణం సులువే: లాక్ అయిన చక్రం తన ముందు కంకరను కుప్పగా తోసుకుంటూ పోతుంది, ఆ కుప్పే అడ్డుకట్ట అవుతుంది. చక్రం తిరుగుతూనే ఉంటే ఆ కుప్ప పడదు. మట్టి రోడ్డు మీద ఏబీఎస్ కారు నడిపేవాళ్లు "ఇది ఆగట్లేదేమిటి" అని విసుక్కోవడం ఇందుకే. అలాంటి చోట ముందే వేగం తగ్గించుకోవడం తప్ప వేరే దారి లేదు.

స్టీరింగ్ సంగతికి వస్తే, టైరు పట్టు నెల జీతం లాంటిది. ఉన్నది ఇంతే. బ్రేకు కోసం ఎంత ఖర్చు పెడితే మలుపు కోసం అంత తక్కువ మిగులుతుంది. చక్రం లాక్ అయిందంటే మొత్తం బ్రేకుకే పోయింది, మలుపుకు పైసా లేదు. అందుకే లాక్ అయిన ముందు చక్రాలను మీరు ఎటు తిప్పినా బండి మొండిగా నేరుగానే పోతుంది. ఏబీఎస్ ఎప్పటికప్పుడు కొంత మిగిలుస్తుంది కాబట్టి, పెడల్ పూర్తిగా తొక్కి ఉంచి కూడా పక్కకు తిప్పుకోగలరు. మీరు ఆ రోజు కాలు తీయకుండా ఉండి, పక్కన ఖాళీ ఉంటే, స్టీరింగ్ కాస్త తిప్పి ముందు బండి పక్కకు వెళ్లిపోయే వీలు ఉండేది.

"కాస్త" అన్నాను, అది గుర్తుంచుకోండి. భయంలో చేతులు స్టీరింగ్‌ను సగం చుట్టు తిప్పేస్తాయి. పాత బండ్లలో లాక్ అయిన చక్రాలతో అది ఏ ప్రభావమూ చూపేది కాదు. ఏబీఎస్ బండి మాత్రం మాట వింటుంది, రోడ్డు దిగి పక్కకు పోతుంది. 1990ల్లో అమెరికాలో ప్రమాదాల లెక్కలు చూసినప్పుడు తేలింది కూడా ఇలాంటిదే: ఏబీఎస్ కార్లు తడి రోడ్డు మీద ఇతర బండ్లను గుద్దడం తగ్గింది, కానీ ఒంటరిగా రోడ్డు దిగిపోయే ప్రమాదాలు పెరిగాయి. దానికి కారణాలు రకరకాలుగా చెప్పారు, అతిగా స్టీరింగ్ తిప్పడం వాటిలో ఒకటి. తర్వాత వచ్చిన స్టెబిలిటీ కంట్రోల్, అంటే బండి అదుపు తప్పి జారబోతే దానంతట అదే సరిదిద్దే ఏర్పాటు, ఈ బెడదను చాలావరకు తగ్గించింది. ఒక బండి వెడల్పు మేర పక్కకు జరగడానికి మంచి వేగంలో స్టీరింగ్ ఎంత తక్కువ తిప్పితే సరిపోతుందో చేసి చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. ఇంకో సంగతి. స్టీరింగ్ తిప్పి ఉన్నప్పుడు కాలు ఒక్కసారిగా వదిలేస్తే, బ్రేకుకు పోతున్న పట్టంతా మలుపుకు వచ్చి బండి విసురుగా తిరుగుతుంది. ముందు స్టీరింగ్ నేరుగా చేసుకుని, తర్వాత కాలు వదలాలి.

చూపు కూడా చాలా ముఖ్యం. మీ చూపు ఎటు ఉంటే చేతులు అటే పోతాయి. గుద్దబోయే బండి వెనక లైట్ల వైపు కళ్లప్పగించి చూస్తే దాని వైపే పోతారు. ఖాళీ ఎక్కడ ఉందో అక్కడ చూడండి. ఖాళీ లేకపోతే నేరుగా తొక్కి ఉంచండి. ఎదురుగా వచ్చే బండి వైపు తిప్పి తల మీద తెచ్చుకోవడం కన్నా, వేగం చాలావరకు తగ్గించుకుని ముందు బండిని తాకడమే నయం. అడ్డం వచ్చిన చిన్న జంతువు విషయంలోనూ అంతే. తప్పించబోయి చెట్టును గుద్దినవాళ్లు ఉన్నారు.

ఇప్పుడు కాలు ఎలా వేయాలో చెబుతాను, నా మటుకు ఇదే అన్నిటికన్నా ముఖ్యం. 1990ల మొదట్లో మెర్సిడెస్ వాళ్లు తమ డ్రైవింగ్ సిమ్యులేటర్‌లో మామూలు డ్రైవర్లను పరీక్షిస్తే, ఎక్కువ మంది ప్రమాదం చూసి పెడల్ మీదికి కాలు వేగంగానే తెస్తున్నారు గానీ, తొక్కాల్సినంత బలంగా తొక్కడం లేదని తేలింది. 1996లో వాళ్లు బ్రేక్ అసిస్ట్ తీసుకురావడానికి కారణం అదే. కాలు పెడల్‌ను తాకిన వేగాన్ని బట్టి "ఇది సడన్ బ్రేక్" అని గుర్తించి, మిగతా బలాన్ని అదే జోడిస్తుంది. ఇప్పుడు చాలా కార్లలో అది ఉంది. మీ కారులో ఉందో లేదో యజమాని మాన్యువల్‌లో చూడండి. ఉన్నా సరే, కాలు మెతకగా మొదలుపెడితే దానికీ అర్థం కాదు.

బలంగా తొక్కడం సీటు దగ్గరే మొదలవుతుంది. ఇంజను ఆన్‌లో ఉంచి, బండి ఆగి ఉండగా బ్రేక్ పెడల్‌ను మీ శక్తి కొద్దీ తొక్కి చూడండి. అప్పటికీ మోకాలు కొంచెం వంగే ఉండాలి. కాలు చాచినట్టు నిటారుగా అయిపోతే సీటు దూరంగా ఉన్నట్టు. నడుము వెనక్కి జారుతుంటే సీటు వెనక భాగం మరీ వాలి ఉన్నట్టు. చాలామంది హాయిగా వెనక్కి వాలి కూర్చుని నడుపుతారు. ఆ భంగిమలో సడన్ బ్రేక్ వేస్తే బలం పెడల్‌కు కాకుండా నడుముకు పోతుంది. కాళ్ల దగ్గర నీళ్ల సీసా, గొడుగు, ఊడిపోయిన మ్యాటు లాంటివి ఉండకూడదు. పెడల్ కిందికి దొర్లిన సీసా ఒక్కటి చాలు, ఏబీఎస్ ఉన్నా లేనట్టే.

మాన్యువల్ గేరు కారులో క్లచ్ గురించి తప్పకుండా అడుగుతారు. ప్రమాదంలో ఆలోచించకండి, రెండు కాళ్లూ కలిపి పూర్తిగా తొక్కేయండి. క్లచ్ మర్చిపోయి ఇంజను ఆగిపోయినా బ్రేకు పోదు. మీ కాలి బలాన్ని పెంచే బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్‌తో ఇంకా ఒకటి రెండు సార్లు గట్టిగా తొక్కే బలం ఉంటుంది. కాలు వదలకుండా ఉంటే ఆ ఒక్కసారే చాలు. హ్యాండ్ బ్రేక్ జోలికి మాత్రం పోవద్దు. చేత్తో లాగే లివరు సాధారణంగా వెనక చక్రాలనే పట్టుకుంటుంది, దానికి ఏబీఎస్ కాపలా ఉండదు. వెనక చక్రాలు లాక్ అయితే బండి గిర్రున తిరుగుతుంది.

ఇవన్నీ చదివితే వచ్చేవి కావు, చేసి చూడాలి. బండ్లు, మనుషులు ఎవరూ రాని విశాలమైన ఖాళీ చోటు, అక్కడ చేయడానికి అనుమతి, పక్కన అనుభవం ఉన్న ఒకరు. వీలైతే డ్రైవింగ్ స్కూల్ వాళ్ల దగ్గరే చేయండి. సీటు బెల్టులు పెట్టుకోండి, డిక్కీలో, సీట్ల మీద వదులుగా ఉన్న సామాను దించేయండి. మొదట 30 కి.మీ. వేగంతో నేరుగా వెళ్లి, అద్దంలో వెనక చూసుకుని, పెడల్‌ను తన్నినట్టు తొక్కండి. ఆగేదాకా వదలకండి. మొదటిసారి చేసేవాళ్లలో నేను గమనించేది ఏమిటంటే, వాళ్లు "పూర్తిగా తొక్కాను" అంటారు, పెడల్ మాత్రం వణకదు. అంటే ఇంకా చాలా బలం మిగిలే ఉంది. రెండోసారీ మూడోసారీ మొహమాటం పోయాక వణుకు వస్తుంది. ఆ వణుకు వచ్చాక కూడా ఇంకా గట్టిగా నొక్కడం నేర్చుకోవాలి. తర్వాత 50 దాకా వెళ్లండి. ఆపైన ఒక రబ్బరు కోన్ పెట్టుకుని, దానికి కాస్త ముందు బ్రేకు పూర్తిగా తొక్కి, కాలు తీయకుండానే దాని పక్కకు తప్పుకోండి. చివరగా పక్కనున్న వ్యక్తిని, ఎప్పుడు చెబుతాడో మీకు తెలియకుండా "ఆపు" అనమనండి. ముందే తెలిసి తొక్కడానికీ, అకస్మాత్తుగా తొక్కడానికీ ఎంత తేడా ఉందో అప్పుడు తెలుస్తుంది. మధ్యమధ్యలో బ్రేకులు చల్లారేలా నిదానంగా ఒక చుట్టు తిరిగి రండి. స్టెబిలిటీ కంట్రోల్ బటన్ నొక్కి ఆపేయకండి, నేర్చుకోవాల్సింది మీ బండి రోజూ ఉండే తీరులోనే. తడి నేల మీద కూడా ఒకసారి చేసి చూస్తే, వాన రోజున బండికి ఎంత దూరం కావాలో కళ్లారా తెలుస్తుంది.

దూరాల లెక్కకు వద్దాం. ప్రమాదం కంటపడి కాలు బ్రేకు మీదికి వచ్చేసరికి, చురుగ్గా ఉన్నవాళ్లకు కూడా సుమారు ఒక సెకను పడుతుంది. ఫోను చూస్తున్నా, అలసిపోయి ఉన్నా అంతకన్నా చాలా ఎక్కువ. 60 కి.మీ. వేగంలో ఆ ఒక్క సెకనుకే దాదాపు 17 మీటర్లు. మంచి టైర్లతో, పొడి తారు రోడ్డు మీద, పూర్తి బ్రేకుతో ఆగడానికి ఇంకో 18 మీటర్లు. మొత్తం 35 మీటర్ల దరిదాపు. తడి రోడ్డు మీద ఆ 18 మీటర్లు 28 దాకా వెళ్లవచ్చు. వేగం రెట్టింపైతే బ్రేకు దూరం నాలుగింతలు అవుతుంది, ఎందుకంటే ఆపాల్సిన శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. ఇది పుస్తకాల్లో అందరూ చదివేదే. అంతగా చెప్పుకోనిది ఇది: పక్కపక్కనే పోతున్న రెండు కార్లలో ఒకటి 60లో, ఇంకొకటి 80లో ఉన్నాయనుకోండి. ఇద్దరు డ్రైవర్లూ ఒకే క్షణంలో అడ్డంకిని చూశారు, ఇద్దరికీ ఒకే సెకను పట్టింది, ఇద్దరూ ఒకే బలంతో తొక్కారు. 60లో ఉన్న కారు అడ్డంకిని తాకకుండా అంగుళం ముందు ఆగింది. 80లో ఉన్న కారు అదే చోటికి చేరేసరికి ఇంకా 60కి పైనే ఉంటుంది. 20 కాదు, 60. నమ్మకం లేకపోతే లెక్క వేసి చూడండి. 80లో ఉన్న బండి ఆలోచించే సెకనులోనే 22 మీటర్లు పోతుంది. మిగిలిన 12, 13 మీటర్లలో వేగం తగ్గించుకోవడానికి సమయమే దొరకదు. ఏ ఏబీఎస్ ఈ లెక్కను మార్చలేదు. కొన్ని కొత్త కార్లు అడ్డంకిని చూసి వాటంతట అవే బ్రేకు వేస్తాయి. ఆలోచించే సెకనులో కొంత ఆదా అవుతుంది, నిజమే. రోడ్డుకు ఆనేది మాత్రం మళ్లీ అవే నాలుగు టైర్లు.

అందుకే గ్యాప్. ముందు బండి ఒక స్తంభాన్నో గుర్తునో దాటగానే లెక్కపెట్టడం మొదలుపెట్టండి. మీరు అక్కడికి చేరేసరికి కనీసం రెండు సెకన్లు గడవాలి. వానలో నాలుగు. "అంత గ్యాప్ ఇస్తే మధ్యలోకి ఎవరో దూరతారు" అంటారు. దూరనివ్వండి, మళ్లీ కాస్త వెనక్కి తగ్గండి. దానివల్ల పోయేది రెండు సెకన్లే. ఇక్కడ 1980ల్లో జర్మనీలోని మ్యూనిక్‌లో జరిగిన ఒక పరిశీలన గుర్తుకొస్తుంది. ఒకే కంపెనీ టాక్సీల్లో కొన్నిటికి ఏబీఎస్ ఉంది, కొన్నిటికి లేదు. కొన్నేళ్లు గమనిస్తే రెండు రకాల టాక్సీల ప్రమాదాలూ దాదాపు సమానంగానే ఉన్నాయి. ఏబీఎస్ ఉన్న బండి నడిపేవాళ్లు ముందు బండికి మరింత దగ్గరగా, మరింత దూకుడుగా నడిపారు. యంత్రం ఇచ్చిన భద్రతను దూకుడు తినేసింది.

అనుమానం రాగానే కాలు యాక్సిలరేటర్ మీంచి తీసి బ్రేకు మీద ఆనీఆనకుండా ఉంచడం నేను అందరికీ అలవాటు చేయిస్తాను. ఆగి ఉన్న బస్సు ముందు నుంచి ఎవరైనా రావచ్చు, పార్క్ చేసిన కారు తలుపు తెరుచుకోవచ్చు, పక్క సందులోంచి సైకిలు రావచ్చు. కాలు ఒక పెడల్ నుంచి ఇంకో పెడల్‌కు మారే సమయం అప్పటికే ఖర్చయి ఉంటుంది. 60లో అది ఒక కారు పొడవు మేర కలిసొస్తుంది.

టైర్ల గురించి క్లుప్తంగా. ఏబీఎస్ ఎంత తెలివైనదైనా టైరు ఇచ్చే పట్టు కన్నా ఎక్కువ పట్టు పుట్టించలేదు. టైరు గాడుల్లో 1.6 మిల్లీమీటర్ల ఎత్తున చిన్న దిమ్మెలు ఉంటాయి, అరుగుదల అక్కడికి చేరిందంటే మార్చాల్సిందే. వాన ఎక్కువగా ఉండే కాలంలో అంతదాకా ఆగకుండా ముందే మార్చడం మంచిది. నిలిచిన నీటి మీద వేగంగా పోతే టైరు నీటిపై తేలుతుంది, అప్పుడు బ్రేకు గానీ ఏబీఎస్ గానీ చేసేదేమీ లేదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పాతబడితే మరిగే ఉష్ణోగ్రత పడిపోయి, పొడుగాటి దిగుడు రోడ్లలో పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమంటాయి. మార్పించండి, అది అనవసర ఖర్చు కాదు.

ఇక మీ పాత బండి. దానిలో ఏబీఎస్ లేదు కాబట్టి రెండో పని కూడా మీ కాలిదే. చక్రాలు లాక్ అయ్యే అంచు దాకా గట్టిగా తొక్కి, అక్కడ పట్టి ఉంచగలిగితే అన్నిటికన్నా తక్కువ దూరంలో ఆగుతుంది. చెప్పడం సులువు, భయంలో చేయడం చాలా కష్టం. టైర్లు కీచుమని అరిచి స్టీరింగ్ మాట వినడం మానేసిందంటే లాక్ అయినట్టే. కాలు పూర్తిగా తీయకుండా కొంచెం మాత్రమే వదిలి, చక్రం తిరగగానే మళ్లీ నొక్కండి. పక్కకు తప్పించాలంటే వదిలిన ఆ క్షణంలోనే స్టీరింగ్ తిప్పాలి. మీరు నేర్చుకున్న పంపింగ్ ఇక్కడ పనికొస్తుంది. కానీ నేరుగా పోతూ, తప్పించుకునే ఖాళీ లేనప్పుడు, లాక్ అవుతుందేమోనని భయపడి సగం తొక్కడం కన్నా లాక్ అయినా గట్టిగా తొక్కడమే మేలు. రెండు బండ్లూ మార్చిమార్చి నడుపుతారు కాబట్టి కాలు తికమకపడే ప్రమాదం ఉంది. రెండిటికీ మొదటి కదలిక ఒకటే అని పెట్టుకోండి: గట్టిగా తొక్కడం. పాత బండిలో అది లాక్ అయిందని తెలిశాకే వదిలే ఆలోచన.

మీరు అడగలేదు గానీ, ఇంట్లో బైక్ ఉంటే ఒక మాట. ఆపే బలంలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే, ఎందుకంటే బ్రేకు పడగానే బరువు ముందు చక్రం మీదికి వస్తుంది. ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడుతుందని వెనక బ్రేకు ఒక్కటే వాడేవాళ్లు సగం బ్రేకు కూడా వాడనట్టే. రెండూ కలిపి, ముందుదాన్ని ఒక్కసారిగా గుంజకుండా త్వరత్వరగా బిగిస్తూ పోవాలి. కొన్ని బైకుల్లో ఏబీఎస్ ముందు చక్రానికే ఉంటుంది, వెనకది లాక్ అవ్వొచ్చు. పైగా మామూలు ఏబీఎస్ బైకు నిటారుగా ఉన్నప్పుడే పూర్తిగా ఆదుకుంటుంది, మలుపులో వాలి ఉండగా గట్టిగా పట్టేస్తే అది కాపాడుతుందనే భరోసా పెట్టుకోవద్దు.

చివరగా, మీ కారును ఒకసారి మెకానిక్‌కు చూపించాలా అన్నారు. తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డులో పసుపు రంగు ఏబీఎస్ లైటు కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోతే వ్యవస్థ తనను తాను సరిచూసుకుందని అర్థం, చూపించాల్సిన అవసరం లేదు. ఆరకుండా అలాగే ఉంటే మామూలు బ్రేకు పని చేస్తుంది గానీ ఏబీఎస్ పని చేయదు. తరచూ కనిపించే కారణాల్లో చక్రం దగ్గరి సెన్సర్‌కు పట్టిన మురికి, తెగిన వైరు ఉంటాయి. బాగయ్యేదాకా దాన్ని మీ పాత బండిలాగే నడపండి. ఎర్ర రంగు బ్రేకు లైటు కూడా తోడై వెలిగితే మాత్రం ఇంటిదాకా వెళ్దాంలే అనుకోకుండా పక్కకు ఆపి, బ్రేక్ ఆయిల్ మట్టం చూడండి. మట్టం పడిపోయినా, పెడల్ మెత్తగా లోపలికి పోతున్నా ఆ బండిని నడపకుండా లాగించుకుని వెళ్లండి. మామూలుగా నెమ్మదిగా బ్రేకు వేసినప్పుడు కూడా పెడల్ వణుకుతుంటే అది ఏబీఎస్ కాదు, డిస్కుల్లో తేడా ఉండొచ్చు. లేదా సెన్సర్ తప్పుగా చెబుతూ ఉండొచ్చు. అప్పుడు చూపించండి.